కెనడాలో వైద్య గంజాయి: దీర్ఘకాలిక నొప్పితో బాధపడే వృద్ధులకు దరఖాస్తు విధానం

కెనడాలో 2018 అక్టోబరు 17న గంజాయి చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచి, ప్రావిన్సు నిర్ణయించిన వయసు దాటిన వారెవరైనా లైసెన్సు ఉన్న దుకాణంలో గంజాయి కొనుక్కోవచ్చు. అటువంటప్పుడు ఏళ్ల తరబడి నరాల నొప్పితో బాధపడే పెద్దవారు ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టుకోవడం ఎందుకన్న ప్రశ్న సహజం. వైద్య మార్గంలో వెళ్లినవారికి మోతాదును గమనించే వైద్యులు ఉంటారు, బయట తమ వెంట ఉంచుకోగల పరిమాణం పెరుగుతుంది, ఖర్చును ఆదాయపు పన్నులో వైద్య వ్యయంగా చూపించుకునే వీలు కలుగుతుంది. మొదటి కారణం ఒక్కటి చాలు, డెబ్బై దాటినవారు దుకాణం దారి కాకుండా ఈ దారి పట్టడానికి.

అర్హత విషయంలో నిబంధనలు సరళంగానే ఉన్నాయి. ఫలానా జబ్బులకు మాత్రమే అన్న జాబితా చట్టంలో లేదు. అవసరమా కాదా అన్నది పరీక్షించే వైద్యుల విచక్షణ. అయితే దరఖాస్తుదారు సాధారణంగా కెనడాలోనే నివసించేవారై ఉండాలి. పిల్లలను చూడటానికి కొద్దికాలం వచ్చిన తల్లిదండ్రులకు ఈ విధానం వర్తించదు.

వైద్య పత్రం

మొత్తం ప్రక్రియ ఆధారపడేది ఒకే ఒక కాగితం మీద. దాన్ని మెడికల్ డాక్యుమెంట్ అంటారు. డాక్టరు గాని, నర్స్ ప్రాక్టీషనర్ (రోగులను పరీక్షించి మందులు రాసే అధికారం ఉన్న నర్సు) గాని దీనిపై సంతకం చేస్తారు. ఇది మందుల చీటీ కాదు, మందుల దుకాణంలో చూపిస్తే సరుకు ఇవ్వరు. ఎండు గంజాయికి కెనడా ఆరోగ్య శాఖ అయిన హెల్త్ కెనడా ఔషధంగా ఆమోదం ఇవ్వలేదు కాబట్టి, దీనిపై సంతకం చేయాల్సిన బాధ్యత ఏ వైద్యుడికీ లేదు, నిరాకరించే వారూ ఉన్నారు. ఆ నిరాకరణకు కారణం లేకపోలేదు. కెనడా కుటుంబ వైద్యుల వృత్తి సంఘం 2018లో ప్రచురించిన మార్గదర్శకాలు, ఇతర మందులకు లొంగని నరాల నొప్పి, క్యాన్సర్ చివరి దశ నొప్పి వంటి కొన్ని పరిస్థితుల్లోనే గంజాయి మందులను పరిశీలించవచ్చని చెప్పాయి. కీళ్ల అరుగుదలకు, నడుము నొప్పికి వద్దన్నాయి. 2021లో బీఎంజే వైద్య పత్రికలో వెలువడిన మార్గదర్శకాలు కొంత ఉదారంగా, మామూలు చికిత్సతో ఉపశమనం కలగని దీర్ఘకాలిక నొప్పికి పొగ రూపంలో కాకుండా ప్రయత్నించి చూడవచ్చని బలహీనమైన సిఫారసు చేశాయి. కాబట్టి వైద్యుల దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన మందులేమిటి, ఏది ఎంతకాలం వాడారు, ఎందుకు మానేశారు అన్న వివరాలు రాసి తీసుకువెళ్లడం అన్నిటికన్నా ఉపయోగపడే సన్నాహం.

ప్రస్తుతం వాడుతున్న మందుల పేర్లు కూడా ఒక్కటీ దాచకుండా చెప్పాలి. రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడేవారిలో గంజాయి దాని ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయవచ్చు. నిద్రమాత్రలు, ఓపియాయిడ్ మందులు (మార్ఫిన్ వంటి బలమైన నొప్పి మందులు) వాడేవారిలో మత్తు రెట్టింపై రాత్రిపూట పడిపోయే ప్రమాదం ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే గంజాయిలో మత్తు కలిగించే పదార్థమైన టీహెచ్‌సీ గుండె వేగాన్ని పెంచుతుంది.

పత్రంలో వైద్యుల పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, రోగి పేరు, పుట్టిన తేదీ, సంప్రదింపు జరిగిన చోటు, రోజుకు ఎన్ని గ్రాముల ఎండు గంజాయి, ఎంతకాలం అన్న వివరాలు ఉంటాయి. కాలపరిమితి ఏడాదికి మించకూడదు. వీటిలో రోజువారీ గ్రాముల అంకె అసలైనది, దాన్ని పత్రం చేతికి అందకముందే వైద్యులతో కూర్చుని తేల్చుకోవాలి. బహిరంగ ప్రదేశంలో ఉంచుకోగల వైద్య గంజాయి ఆ అంకెకు ముప్పై రెట్లు లేదా 150 గ్రాములు, రెండింటిలో ఏది తక్కువైతే అది. రోజుకు 1 గ్రాము రాస్తే 30 గ్రాములు, 2 గ్రాములు రాస్తే 60. 5 గ్రాములు దాటాక ఎంత రాసినా పరిమితి పెరగదు. వయోజనులందరికీ ఉన్న 30 గ్రాముల అనుమతి దీనికి అదనం. పరిమితి పెరుగుతుంది కదా అని పెద్ద అంకె రాయించుకోవడం వృద్ధుల విషయంలో ఏమాత్రం తెలివైన పని కాదు. తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచడమే వైద్యులు పాటించే పద్ధతి.

విక్రేత వద్ద నమోదు

పత్రం చేతికొచ్చాక ఎక్కువ మంది ఎంచుకునేది ఫెడరల్ లైసెన్సు ఉన్న విక్రేత వద్ద నమోదు కావడం. విక్రేత దరఖాస్తు ఫారంలో పేరు, పుట్టిన తేదీ, నివాస చిరునామా నింపి, కెనడాలో నివసిస్తున్నానని, సరుకు సొంత వైద్య అవసరానికేనని ధ్రువీకరించి, వైద్య పత్రం అసలు ప్రతిని జతచేయాలి. జిరాక్సు చెల్లదు; వైద్యుల కార్యాలయమే నేరుగా సురక్షితంగా పంపే వెసులుబాటు ఉంది. జ్ఞాపకశక్తి తగ్గినవారి తరఫున బాధ్యత వహించే వయోజనులు సంతకం చేయవచ్చు. పేరు విషయంలో మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి: ఒక పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, మరో పత్రంలో పూర్తిగా ఉంటే పరిశీలన అక్కడే ఆగిపోవచ్చు. ఒకే పత్రంతో రెండుచోట్ల నమోదు కుదరదు. నమోదు పూర్తయ్యాక సరుకు ఇంటికే వస్తుంది, దానిపై ఉన్న లేబులు అధికారులకు చూపాల్సిన ఆధారం కనుక డబ్బాను పారేయకూడదు.

సొంతంగా పెంచుకోవాలన్నా, తమ కోసం మరొకరిచేత పెంచించుకోవాలన్నా హెల్త్ కెనడాకు దరఖాస్తు చేయాలి. మొక్కల సంఖ్యను గ్రాముల అంకె నుంచే లెక్కిస్తారు: రోజుకు 1 గ్రాముకు ఇంటి లోపల 5 మొక్కలు, ఆరుబయట అయితే 2. స్థలం అద్దెదైతే యజమాని సమ్మతి కావాలి. నడుము వంచలేని వయసులో ఇది కష్టమైన దారి, కాబట్టి ఇంట్లో చేయిసాయం లేనివారికి సూచించదగినది కాదు.

నమోదు తరువాత

నమోదు పత్రం ఉన్నంత మాత్రాన వాహనం నడిపే విషయంలో మినహాయింపు రాదు. రక్తంలో మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల టీహెచ్‌సీ ఉన్నా నేరమే. దేశ సరిహద్దు దాటించడం కూడా నిషిద్ధం, వైద్యుల సంతకం ఉన్నా సరే. భారతదేశానికి వెళ్లేవారు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అక్కడ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అరెస్టయ్యే ప్రమాదం ఉంది. మిగిలిన సరుకును ఇంట్లోనే తాళం వేసి, మనవలకు అందకుండా ఉంచి ప్రయాణం కట్టాలి.

లైసెన్సు ఉన్న విక్రేత ఇచ్చిన రశీదులను పన్ను దాఖలు వరకు భద్రపరచుకోవాలి. దుకాణంలో కొన్న సరుకుకు ఆ వెసులుబాటు లేదు. మాజీ సైనికులకు వెటరన్స్ అఫైర్స్ శాఖ రోజుకు 3 గ్రాముల వరకు ఖర్చు తిరిగి చెల్లించే పథకం ఉంది, దానికి వేరే దరఖాస్తు చేసుకోవాలి.

గడువు ముగిసిన పత్రం ఆటోమేటిక్‌గా కొనసాగదు, ప్రతిసారీ కొత్త వైద్య పత్రం తెచ్చుకోవాల్సిందే. వైద్యుల అపాయింట్‌మెంటు దొరకడానికి పట్టే సమయాన్ని లెక్కలో వేసుకుని, గడువుకు కొన్ని వారాల ముందే పని మొదలుపెడితే మధ్యలో మందు ఆగిపోదు.