పైథాగరస్ సిద్ధాంతం: కత్తెర పట్టుకుని చూడండి

నేను ఈ పాఠం చెప్పేటప్పుడు సూత్రం చివర్లోనే రాస్తాను. ముందు కత్తెర, గళ్ళ కాగితం చాలు. చేత్తో జరిపి చూసినది జన్మలో మర్చిపోరు.

లంబకోణానికి అటూ ఇటూ ఉన్న భుజాలు 3 గళ్ళు, 4 గళ్ళు ఉండేలా అచ్చుగుద్దినట్టు నాలుగు త్రిభుజాలు కత్తిరించండి. ఇంకో కాగితం మీద భుజం 7 గళ్ళు ఉండే చతురస్రం గీయండి, ఇదే మన పెట్టె.

దాని ఒక్కో మూలలో ఒక్కో త్రిభుజం లంబకోణాన్ని ఇరికించండి. ప్రతి అంచు మీదా ఒక 3, ఒక 4 పడాలి. మధ్యలో వాలుగా ఒక ఖాళీ మిగులుతుంది, దాని భుజాలన్నీ కర్ణాలే, అంటే త్రిభుజాల్లో లంబకోణానికి ఎదురుగా ఉన్న భుజాలే. అది చతురస్రమేనా? ఇక్కడ కాసేపు ఆగండి, అసలు విషయం ఇదే. త్రిభుజంలోని రెండు చిన్న కోణాలూ కలిపితే 90 డిగ్రీలు. అంచు మీద ఆ రెండూ ఖాళీ మూలకు చెరోపక్కా ఉన్నాయి. 180లో అవి పోగా మిగిలేది 90. అంటే చతురస్రమే.

ఇప్పుడు త్రిభుజాలను రెండేసి చొప్పున కర్ణాల దగ్గర కలపండి. రెండు దీర్ఘచతురస్రాలు వస్తాయి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా ఎదురెదురు మూలల్లో పెట్టండి. ఈసారి ఖాళీ రెండు చతురస్రాలైంది: 3×3 అంటే 9 గళ్ళు, 4×4 అంటే 16 గళ్ళు. పెట్టె అదే, త్రిభుజాలూ అవే. కాబట్టి ఇందాకటి వాలు ఖాళీ 25 గళ్ళు, కర్ణం 5.

3, 4 బదులు మీకు నచ్చిన కొలతలు తీసుకోండి. పెట్టె భుజం మాత్రం ఆ రెండింటి మొత్తం ఉండాలి. ఇక చివర్లో రాస్తానన్న సూత్రం: చిన్న భుజాలు a, b, కర్ణం c అయితే a² + b² = c².