మొదటి ఈజేబీ డిప్లాయ్ అయింది, క్లయింట్‌కి మాత్రం దొరకట్లేదా? ఇలా వెతకండి

అమీర్‌పేటలో జావా, స్ప్రింగ్ బూట్ నేర్చుకుని మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగంలో చేరాక, చేతికొచ్చిన ప్రాజెక్టు ఏ బ్యాంకుదో ఇన్సూరెన్సుదో పాత అప్లికేషన్ అయి, అందులో ఎక్కడ చూసినా ఈజేబీలే (ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్, అంటే సర్వర్ లోపల నడిచే జావా క్లాసులు, ఒక్కోదాన్ని బీన్ అంటారు) కనిపించడం ఇప్పటికీ మామూలే. సరే, ముందు ఒక చిన్న బీన్ మనమే రాసి చూద్దామని వైల్డ్‌ఫ్లై అనే జావా సర్వర్ దించుకుంటారు, బీన్ డిప్లాయ్ చేస్తారు, మెయిన్ మెథడ్‌తో ఒక క్లయింట్ రాసి రన్ కొడతారు. లుకప్ లైన్ (పేరు చెప్పి బీన్‌ని అడిగే చోటు) దగ్గర ఎర్రగా స్టాక్ ట్రేస్. ఇక అక్కడి నుంచి ఆ లుకప్ స్ట్రింగ్‌లో స్లాష్ ఒకటి పెంచి, ఒకటి తగ్గించి, నెట్‌లో దొరికిన ప్రతి పేరూ అతికించి చూడటం మొదలవుతుంది.

ఆ పని ఆపేయండి. బీన్ పేరు ఊహించాల్సిన అవసరమే లేదు, సర్వరే లాగ్‌లో రాసిపెడుతుంది.

ఉదాహరణకి మన బీన్ మెట్రో ఛార్జీ చెప్పేదనుకుందాం: క్లాస్ ఫేర్‌బీన్, ఇంటర్‌ఫేస్ ఫేర్‌రిమోట్, ప్యాకేజీ కామ్.హైద్.మెట్రో, జార్ పేరు మెట్రోఫేర్. ఇక్కడ అన్నీ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను గానీ, కోడ్‌లో మామూలుగానే ఇంగ్లిష్‌లో, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా పాటిస్తూ టైప్ చేయాలి.

ముందు సర్వర్ సంగతి

అసలు మీరు వాడే సర్వర్‌లో ఈజేబీ కంటైనర్ (బీన్‌లని నడిపే భాగం) ఉందా? టామ్‌క్యాట్‌లో లేదు. వైల్డ్‌ఫ్లై, గ్లాస్‌ఫిష్, వెబ్‌లాజిక్, టామీ వీటిలో ఉంది. టామ్‌క్యాట్‌లో పెట్టి లుకప్ చేస్తుంటే ఎంత తిప్పలు పడ్డా ఫలితం ఉండదు.

వైల్డ్‌ఫ్లై సరిగ్గా స్టార్ట్ కాకుండా 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అంటోందంటే చాలాసార్లు 8080 పోర్టును ఇంకెవరో పట్టుకుని కూర్చున్నారని అర్థం. కోచింగ్ రోజుల్లో ఒరాకిల్ ఎక్స్‌ఈ పాత వెర్షన్ వేసుకున్నవాళ్లు ముందు దాన్నే అనుమానించండి, 10జీ, 11జీ రెండూ తమ వెబ్ పేజీ కోసం అదే పోర్టు తీసుకుంటాయి. దాన్ని ఆపేయండి, లేదంటే వైల్డ్‌ఫ్లైని స్టార్ట్ చేసేటప్పుడు పోర్ట్ ఆఫ్‌సెట్ 100 ఇవ్వండి, అప్పుడది 8180లో లేస్తుంది. క్లయింట్‌లో కూడా 8180 అని మార్చడం మర్చిపోవద్దు.

తర్వాత స్టాండలోన్ ఫోల్డర్‌లో డిప్లాయ్‌మెంట్స్ తెరిచి చూడండి. మీ జార్ పక్కనే అదే పేరుతో, చివర 'డిప్లాయ్డ్' అని ఇంకో చిన్న ఫైల్ ఉంటే బాగున్నట్టు. 'ఫెయిల్డ్' అని ఉంటే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, కారణం లోపలే ఉంటుంది. క్లయింట్‌ని ఇప్పుడే ముట్టుకోకండి.

లాగ్‌లో ఆ ఒక్క మెసేజ్

సర్వర్.లాగ్‌లో 0473 అనే నంబరుతో ముగిసే మెసేజ్ కోడ్ కోసం వెతకండి. 'జేఎన్‌డీఐ బైండింగ్స్ ఫర్ సెషన్ బీన్ నేమ్డ్ ఫేర్‌బీన్' అంటూ మొదలై (జేఎన్‌డీఐ అంటే జావాలో పేరుతో వెతికే పద్ధతి), కింద వరుసగా పేర్లు వస్తాయి: జావా:గ్లోబల్‌తో ఒకటి, జావా:యాప్‌తో ఒకటి, జావా:మాడ్యూల్‌తో ఒకటి, జావా:జేబాస్/ఎక్స్‌పోర్టెడ్‌తో ఒకటి, కొత్త వెర్షన్లలో ఈజేబీ: తో మొదలయ్యేది ఇంకొకటి. మొదటి మూడు రకాలూ 2009లో వచ్చిన ఈజేబీ 3.1 నుంచి అన్ని సర్వర్లలో ఒకేలా ఉంటాయి. అంతకుముందు ఒక్కో సర్వర్‌ది ఒక్కో పద్ధతి. అందుకే నెట్‌లో ఒకరు చెప్పిన పేరు ఇంకొకరి దగ్గర పనిచేయదు.

ఆ మెసేజ్ అసలు కనబడకపోతే? జార్ డిప్లాయ్ అయింది కానీ అందులో బీన్ ఉందని సర్వర్‌కి తెలియలేదు. ఈ రోజుల్లో దీనికి పెద్ద కారణం ఇంపోర్ట్ లైను. 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9తో (జావా ఈఈకి కొత్త పేరే జకార్తా ఈఈ) ప్యాకేజీ పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకి మారిపోయాయి, వైల్డ్‌ఫ్లై 27 నుంచి సర్వర్ ఆ కొత్త పేర్లనే చూస్తుంది. మీరు పాత మెటీరియల్ చూసి జావాఎక్స్.ఈజేబీ.స్టేట్‌లెస్ అని ఇంపోర్ట్ చేస్తే కంపైల్ అవుతుంది, డిప్లాయ్ అవుతుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు, బీన్ మాత్రం ఉండదు. ఇంత నిశ్శబ్దంగా చెడే తప్పు ఇంకోటి లేదు, కొత్తవాళ్లు రోజుల తరబడి కుస్తీ పట్టేది దీంతోనే.

మెసేజ్ ఉంది, కానీ ఎక్స్‌పోర్టెడ్ లైన్ లేదంటే మీ ఇంటర్‌ఫేస్ మీద రిమోట్ అనోటేషన్ లేదు. ఏ అనోటేషనూ లేని ఇంటర్‌ఫేస్‌ని సర్వర్ లోకల్‌గానే లెక్కేస్తుంది, బయటి క్లయింట్‌కి చూపించదు.

ఇంకో సంగతి, మావెన్ వాడితే జార్ పేరు మెట్రోఫేర్-1.0-స్నాప్‌షాట్ అని తయారవుతుంది, మాడ్యూల్ పేరు (లుకప్‌లో జార్‌ని సూచించే భాగం) కూడా ఆ తోకతో సహా అదే అవుతుంది. లుకప్‌లో ఉత్త మెట్రోఫేర్ అని రాస్తే దొరకదు. పామ్ ఫైల్‌లో ఫైనల్‌నేమ్ పెట్టేస్తే ఆ తోక పోతుంది.

క్లయింట్ దగ్గర ఏ పేరు రాయాలి

జావా:గ్లోబల్ పేరు కాపీ చేసి బయటి క్లయింట్‌లో పెట్టకండి. వైల్డ్‌ఫ్లైలో జావా: తో మొదలయ్యే పేర్లు సర్వర్ లోపల నడిచే కోడ్‌కి మాత్రమే. బయటి నుంచి రెండు దారులున్నాయి. ఎక్స్‌పోర్టెడ్ లైన్‌లో జావా:జేబాస్/ఎక్స్‌పోర్టెడ్/ అన్నంత వరకు కొట్టేసి మిగిలింది వాడటం ఒకటి. ఈజేబీ: లైన్‌ని ఉన్నదున్నట్టు వాడటం రెండోది, అంటే ఈజేబీ:/మెట్రోఫేర్/ఫేర్‌బీన్!కామ్.హైద్.మెట్రో.ఫేర్‌రిమోట్. ఇయర్ ఫైల్ (జార్‌లు, వార్‌లు కలిపి కట్టే పెద్ద ప్యాకేజీ) లేదు కాబట్టి యాప్ పేరు ఖాళీ, అందుకే స్లాష్‌తో మొదలవుతుంది. పాత ఉదాహరణల్లో బీన్ పేరుకి ముందు రెండు స్లాష్‌లు కనిపిస్తే కంగారుపడకండి, అక్కడ ఇంకో ఖాళీ పేరు ఉందంతే.

పేరుతో పాటు రెండు సెట్టింగులు కావాలి: ఇనీషియల్ కాంటెక్స్ట్ ఫ్యాక్టరీగా ఆర్గ్.వైల్డ్‌ఫ్లై.నేమింగ్.క్లయింట్.వైల్డ్‌ఫ్లైఇనీషియల్‌కాంటెక్స్ట్‌ఫ్యాక్టరీ, ప్రొవైడర్ యూఆర్‌ఎల్‌గా రిమోట్+హెచ్‌టీటీపీ://లోకల్‌హోస్ట్:8080. ఏదైనా పాఠంలో జేఎన్‌పీ, 1099 కనిపించినా, 4447 కనిపించినా అవి పాత జేబాస్ (వైల్డ్‌ఫ్లైకి పాత పేరు) కాలం నాటివి. హోమ్ ఇంటర్‌ఫేస్, న్యారో మెథడ్ అంటే ఇంకా పాతవి, 2006లో ఈజేబీ 3.0 వచ్చాక మనం రాసే బీన్‌లకి వాటితో పనిలేదు.

ఎర్రర్‌ని బట్టి ఎంత దూరం వచ్చారో తెలుస్తుంది

నోఇనీషియల్‌కాంటెక్స్ట్ ఎక్సెప్షన్ వస్తే మీరింకా ఇంట్లోనే ఉన్నారు, సర్వర్ దాకా వెళ్లనే లేదు. ఫ్యాక్టరీ పేరు ఇవ్వలేదు, లేదా జేఎన్‌డీఐ.ప్రాపర్టీస్ ఫైల్ క్లాస్‌పాత్‌లో లేదు (మావెన్‌లో రిసోర్సెస్ ఫోల్డర్ కింద ఉండాలి). అదే మెసేజ్‌లో 'క్యానాట్ ఇన్‌స్టాన్షియేట్ క్లాస్' అని ఉంటే పేరు ఇచ్చారు, జార్ పెట్టలేదు: వైల్డ్‌ఫ్లై బిన్ ఫోల్డర్ లోపల క్లయింట్ అనే ఫోల్డర్‌లో జేబాస్-క్లయింట్.జార్ ఉంటుంది, అది చేర్చండి.

కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే సర్వర్ లేవలేదు, లేదా పోర్టు తప్పు. నేమ్‌నాట్‌ఫౌండ్ వస్తే ఒక రకంగా శుభవార్తే, సర్వర్‌ని చేరారు, పేరొక్కటే తేడా. మళ్లీ లాగ్ తెరిచి అక్షరం అక్షరం పోల్చుకోండి.

ఈజేబీ: పేరుతో ఒక తమాషా ఉంది. స్టేట్‌లెస్ బీన్ అయితే లుకప్ సర్వర్‌ని అడగనే అడగదు, ప్రాక్సీ ఆబ్జెక్ట్‌ని (సర్వర్‌లోని బీన్ తరఫున క్లయింట్ దగ్గర నిలబడేది) మీ మెషీన్‌లోనే తయారుచేసి ఇచ్చేస్తుంది. సర్వర్ ఆపేసి ఉన్నా లుకప్ సాఫీగా అయిపోతుంది! 'హమ్మయ్య' అనుకుని కింది లైన్‌లో మెథడ్ పిలిచాకే 'అనేబుల్ టు డిస్కవర్ డెస్టినేషన్' అంటూ పడుతుంది. అందరూ మెథడ్ కోడ్‌ని అనుమానించి అక్కడ తవ్వుతారు. చూడాల్సింది యూఆర్‌ఎల్, యాప్, మాడ్యూల్, బీన్ పేర్లు. తేడా తేల్చుకోవాలంటే ఒకసారి ఎక్స్‌పోర్టెడ్ పేరుతో లుకప్ చేయండి, అది నిజంగా సర్వర్ దాకా వెళ్లి అడుగుతుంది.

క్లాస్‌క్యాస్ట్ ఎక్సెప్షన్‌లో 'ప్రాక్సీ' అనే మాట కనిపిస్తే మీరు ఫేర్‌బీన్‌కి క్యాస్ట్ చేస్తున్నారు, ఫేర్‌రిమోట్‌కి చేయాలి. ఆ ఇంటర్‌ఫేస్‌ని క్లయింట్ ప్రాజెక్టులో వేరే ప్యాకేజీలో కాపీ పెట్టుకున్నా పనికిరాదు, రెండు వైపులా ఒకే జార్ వాడండి. నాట్‌సీరియలైజబుల్ వస్తే, పంపే లేదా వెనక్కి వచ్చే ఆబ్జెక్ట్‌కి సీరియలైజబుల్ పెట్టలేదని.

ఫ్రెండ్ లాప్‌టాప్ నుంచి పిలిస్తే

ఎస్ఆర్ నగర్ హాస్టల్‌లో సర్వర్ మీ దగ్గర, క్లయింట్ రూమ్మేట్ దగ్గర పెట్టి ప్రయత్నిస్తే కొత్త తలనొప్పులు. వైల్డ్‌ఫ్లై మామూలుగా 127.0.0.1 మీదే వింటుంది, స్టార్ట్ చేసేటప్పుడు -బీ 0.0.0.0 ఇస్తేనే బయటివాళ్లకి అందుతుంది (ఆఫీసు నెట్‌వర్క్‌లో మాత్రం ఈ పని చేయకండి). విండోస్ ఫైర్‌వాల్ పోర్టును అడ్డుకుంటుందేమో చూడండి. కొన్ని హాస్టల్ వైఫైలు ఒక లాప్‌టాప్‌ని ఇంకో లాప్‌టాప్‌తో మాట్లాడనివ్వవు, అనుమానం వస్తే ఇద్దరూ ఒకే ఫోన్ హాట్‌స్పాట్‌కి మారి చూడండి.

అన్నీ సరిచేశాక 'అథెంటికేషన్ ఫెయిల్డ్' అంటుంది. ఒకే మెషీన్‌లో ఉన్నప్పుడు వైల్డ్‌ఫ్లై పాస్‌వర్డ్ అడగకుండా లోకల్ యూజర్‌గా రానిస్తుంది కాబట్టి ఈ గడప ఉందని అప్పటిదాకా తెలియదు. బిన్‌లో యాడ్-యూజర్ స్క్రిప్ట్ నడిపి, మేనేజ్‌మెంట్ యూజర్ కాకుండా అప్లికేషన్ యూజర్‌ని ఎంచుకుని ఒక పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. వాటినే క్లయింట్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ప్రిన్సిపల్, సెక్యూరిటీ క్రెడెన్షియల్స్‌గా ఇవ్వండి.

మీ క్లయింట్ అదే వార్ ఫైల్‌లో ఉన్న సర్వ్‌లెట్ అయితే మాత్రం ఇదంతా అక్కర్లేదు, ఫీల్డ్ మీద ఈజేబీ అనోటేషన్ పెట్టేస్తే కంటైనరే బీన్‌ని తెచ్చి చేతిలో పెడుతుంది.