ఆర్‌సీ స్పోర్ట్ విమానాన్ని తొలిసారి ఎగరేసే ముందు

రేడియో కంట్రోల్ విమానం కూలడానికి దారితీసే లోపం చాలాసార్లు బల్ల మీద బిగించేటప్పుడే మొదలవుతుంది. అన్నిటికన్నా ముందు చూడవలసింది గరిమనాభి, అంటే విమానం బరువంతా సమతూకంలో నిలిచే బిందువు. బ్యాటరీని దాని స్థానంలో అమర్చి, రెక్క ముందంచు నుంచి రెక్క వెడల్పులో సుమారు 25 నుంచి 30 శాతం దూరంలో ఇరువైపులా వేలికొనలతో ఎత్తి పట్టుకున్నప్పుడు, విమానం సమంగా గానీ ముక్కు కాస్త కిందికి వాలి గానీ నిలవాలి. తోక కిందికి జారితే బ్యాటరీని ముందుకు జరపాలి. ముక్కు బరువైన విమానం మొండిగానైనా ఎగురుతుంది గానీ, తోక బరువైనది చేతికి చిక్కదు. తయారీదారు వేరే కొలత ఇచ్చి ఉంటే దానినే పాటించాలి.

తర్వాత ప్రొపెల్లర్ విప్పి, ముందు ట్రాన్స్‌మిటర్‌ను (చేతిలోని రిమోట్‌ను), ఆపైన విమానాన్ని ఆన్ చేయాలి. స్టిక్‌ను కుడికి తోస్తే కుడి ఐలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి, ఎడమది కిందికి కదలాలి. ఈ పరీక్షను విస్మరించి నేను ఎగరేసిన విమానం గాలిలో ఉన్నది మూడే సెకన్లు. థ్రాటిల్ (మోటారు వేగం) కొద్దిగా పెంచి ట్రాన్స్‌మిటర్‌ను ఆపితే మోటారు కూడా ఆగిపోవాలి.

టేకాఫ్ ఎప్పుడూ ఎదురుగాలిలోనే చేయాలి. థ్రాటిల్‌ను నెమ్మదిగా పెంచుతూ, రడ్డర్‌తో (తోక నిలువు పలకతో) దారి సరిచేస్తూ, వేగం అందిన తర్వాతే ఎలివేటర్‌ను (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకను) స్వల్పంగా లాగాలి. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు కిందికి వాలిన రెక్క వైపే స్టిక్‌ను తోస్తే అది సర్దుకుంటుంది. దిగేటప్పుడు ఎత్తు చాలదనిపిస్తే ముక్కు లేపకుండా థ్రాటిల్ కలపాలి, లేకుంటే స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేక అది కిందికి జారిపోవడం) తప్పదు. దిగాక ముందు విమానం బ్యాటరీని తీసి, ట్రాన్స్‌మిటర్‌ను చివర ఆపాలి.