పాత లగ్జరీ ఎస్‌యూవీ కొందామా? పాఠం 3: రాత్రంతా నిలబడ్డ బండి

కిందటి పాఠంలో ఆర్సీ, ఎన్‌ఓసీ, సర్వీస్ రికార్డు ఎలా చదవాలో చూశాం. ఢిల్లీ వైపు పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు రావడంతో అక్కడి ఆడీలు, డిస్కవరీలు హన్మకొండ, కరీంనగర్ దాకా చవగ్గా దిగుతున్నాయని, మన దగ్గర కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్‌ని కూడా ధరలో కలుపుకోవాలని చెప్పుకున్నాం. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయనుకోండి. ఇక బండి దగ్గరికి పోదాం.

ఒకటి గుర్తు పెట్టుకోండి. బండి రేటు పడిపోతుంది గానీ పార్టు రేటు పడదు. కొత్తలో 80 లక్షలు పెట్టి కొన్న బండి పన్నెండేళ్లకు 12 లక్షలకు రావచ్చు. అందులో సస్పెన్షన్‌కు గాలి నింపే కంప్రెసర్ పోతే మాత్రం 80 లక్షల బండి కంప్రెసర్‌కే డబ్బులు కట్టాలి. కాబట్టి బేరం మొదలుపెట్టకముందే జబ్బు ఎక్కడుందో పట్టుకోవాలి. పెద్ద జబ్బులు కొన్ని బండి చల్లారినప్పుడే బయటపడతాయి. అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా, ఏసీ చల్లగా పెట్టి ఉంచుతారు.

సాయంత్రమే వెళ్లి బండిని సమంగా ఉన్న నేల మీద ఆపించండి. "అన్నా, పొద్దున నేనొచ్చేదాంక స్టార్ట్ చెయ్యకుండ్రి" అని మర్యాదగానే అడగండి. దానికే చిరాకుపడితే మీకు సగం జవాబు దొరికినట్టే.

టేపు పని

రేంజ్ రోవర్, డిస్కవరీ 3, 4, మెర్సిడెస్ పెద్ద ఎస్‌యూవీలు, ఆడీ క్యూ7లో కొన్ని బండ్లు గాలి సస్పెన్షన్ మీద నడుస్తాయి. స్టీలు స్ప్రింగు ఉండాల్సిన చోట రబ్బరు బెలూన్ ఉంటుంది, కంప్రెసర్ దానికి గాలి నింపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు మడత పడే చోట పగుళ్లు వస్తాయి. మన ఎండలు, భూపాలపల్లి వైపు బొగ్గు లారీల దుమ్ము ఆ రబ్బరుకు మేలు చేసేవి కావు.

దర్జీ టేపు చాలు. చక్రం మధ్యలోని మూత నుంచి నిటారుగా పైకి, మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. నాలుగు మూలలా కొలిచి సెంటీమీటర్లలో రాసుకోండి. పొద్దున తలుపు కూడా తీయకముందే మళ్లీ కొలవండి. కొన్ని బండ్లు తలుపు తీయగానే మేలుకొని ఎత్తు సరిచేసుకుంటాయి. అప్పుడు మీ కొలతకు విలువ ఉండదు.

నాలుగు మూలలూ కాస్త సమానంగా దిగితే కంగారు పడొద్దు. ఒక్క మూల రెండు సెంటీమీటర్లకు మించి దిగితే ఆ బెలూన్‌నో, దాని పైపునో అనుమానించండి. ల్యాండ్ రోవర్లలో (రేంజ్ రోవర్, డిస్కవరీ ఆ కంపెనీవే) ఇంకో మెలిక ఉంది. అవి ఆపి ఉంచినప్పుడు కూడా మధ్యమధ్య మేలుకొని, కిందికి దిగిన మూలతో సమానంగా మిగతావాటిని దించుతాయి. కాబట్టి లీకు ఒక్కచోటే ఉన్నా, పొద్దునకల్లా బండి మొత్తం కూలబడి ఉండొచ్చు.

అనుమానం వచ్చిన చోట సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వస్తాయి. తర్వాత, కింద చెప్పే 'మొదటి పది సెకన్లు' పరీక్ష అయ్యాకే, ఇంజిన్ నడుస్తుండగా బటన్ నొక్కి బండిని పైకి లేపమనండి. కంప్రెసర్ గుర్రుమంటూ ఆగకుండా తిరుగుతున్నా, మధ్యలో మానేసి మీటర్‌లో సస్పెన్షన్ ఫాల్ట్ చూపించినా, లీకు దాన్ని కూడా తినేసిందన్నమాట. చిన్న లీకును పట్టించుకోకపోతే కంప్రెసర్ రోజంతా తిరిగి తిరిగి కాలిపోతుంది.

ఖర్చు మోడల్‌ను బట్టి మారుతుంది. బయటి గ్యారేజీలో, వేరే కంపెనీ పార్టుతో ఒక్కో బెలూన్‌కు 25 నుంచి 60 వేలు అనుకోండి. కంపెనీ పార్టయితే లక్ష దాటొచ్చు. కంప్రెసర్ కూడా పోయి ఉంటే ఇంకో 50 వేల నుంచి లక్షన్నర. ఒక బెలూన్ వయసైపోయిందంటే జతలో రెండోదీ అదే వయసుది, కాబట్టి రెండింటికీ లెక్క వేసుకోండి. బటన్ నొక్కినా ఎత్తు మారకుండా, ఏ లైటూ వెలగకుండా ఉంటే చక్రం వెనక్కి తొంగి చూడండి. బెలూన్లు తీసేసి స్టీలు స్ప్రింగులు పెట్టి ఉండొచ్చు. నా దృష్టిలో అదేమీ నేరం కాదు, కొందరికి అదే మేలు కూడా. కాకపోతే రేటు తగ్గాలి.

మొదటి పది సెకన్లు

స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి ఇంజిన్ మీద అరచేయి పెట్టి చూడండి. ఇంకా నమ్మకంగా తెలియాలంటే బండి కంప్యూటర్‌లోని లెక్కలు చదివే చిన్న ఓబీడీ స్కానర్ తగిలించి, తాళం ఆన్ చేసి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి చూడండి. పొద్దున ఆరింటికి బయటి చల్లదనమే అక్కడా కనపడాలి. 50 డిగ్రీలు చూపిస్తే మీరు రాకముందే ఎవరో తిప్పి పెట్టారు.

బీఎండబ్ల్యూ ఎక్స్1, ఎక్స్3లలో 2007 తర్వాత కొన్నేళ్ల పాటు వచ్చిన ఎన్47 అనే 2 లీటర్ల డీజిల్ ఇంజిన్‌కు టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే గొలుసు) వెనక వైపు, గేర్‌బాక్స్ దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొట్టించి మీరు విండ్‌షీల్డ్ వైపు చెవి పెట్టండి. గొలుసును డబ్బాలో ఆడించినట్టు చప్పుడు వచ్చిందా, ఇంజిన్ వేడెక్కగానే తగ్గిందా? అయితే చైన్ పని పడుతుంది. చైన్ పెద్ద ఖరీదైనది కాదు, అక్కడిదాకా చేరాలంటే గేర్‌బాక్స్‌నో ఇంజిన్‌నో దించాలి. లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా లెక్క వేసుకోండి. నిర్లక్ష్యం చేసి చైన్ తెగితే ఇంజిన్ మొత్తం పోతుంది.

ల్యాండ్ రోవర్ వీ6 డీజిల్‌లో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇంజిన్ ప్రధాన ఇరుసు) విరిగే జబ్బు ఉంది. అది ఏ పొద్దునా చెప్పి రాదు. ఆయిల్ ఎప్పటికప్పుడు మార్చినట్టు బిల్లులు లేకపోతే ఎంత చవకైనా ఆ బండి జోలికి పోవద్దనే నా సలహా.

అట్ట, తివాచీ

సాయంత్రం బండి కింద పాత అట్టపెట్టె విప్పి పరచండి. పొద్దున దాని మీద నల్ల చుక్కలుంటే ఇంజిన్ ఆయిల్. ఎక్కువగా గ్యాస్కెట్లే (అతుకుల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే పట్టీలు) కారణం, అది భరించగలిగే ఖర్చే. గులాబీ, నీలం, ఆకుపచ్చ మరకైతే కూలెంట్. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మే నెలలో రామగుండం ఎండలో ప్లాస్టిక్ పైపు పగిలితే, బండి ఆపేలోపే వేడికి ఇంజిన్ హెడ్ (ఇంజిన్ పై భాగం) వంగిపోవచ్చు. ఏసీ నీళ్ల తడిని మాత్రం పట్టించుకోకండి.

తర్వాత కాళ్ల దగ్గరి తివాచీని గట్టిగా నొక్కండి. తడి తగిలితే సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి. లేదా అంతకన్నా పెద్ద సంగతి. 2023 జూలై వరదల్లో హన్మకొండలో కాలనీలకు కాలనీలే మునిగాయి. సీటు బెల్టును చివరి దాకా లాగి మట్టి గీత ఉందేమో, సీటు పట్టాలకు తుప్పు ఉందేమో చూడండి. ఈ బండ్లలో కంప్యూటర్ డబ్బాలు కొన్ని సీట్ల కింద, డిక్కీ అడుగున ఉంటాయి. వాటిలోకి నీళ్లు పోతే ఒకదాని తర్వాత ఒకటి మొరాయిస్తూనే ఉంటాయి, ఆ ఖర్చుకు అంచనా వేయడం కష్టం. మునిగిన బండయితే వదిలేయండి.

వచ్చిన రిపేరు మొత్తాలన్నీ కూడి, రిపేరుకు హైదరాబాద్ దాకా ఫ్లాట్‌బెడ్ (బండిని ఎక్కించుకుని పోయే ట్రక్కు) మీద పంపే ఖర్చూ కలిపి, దాన్ని అమ్మేవాళ్ల రేటులోంచి తీసేయండి. అక్కడి నుంచే మీ బేరం మొదలవ్వాలి.

అభ్యాసం: కొనే బండి దొరికేదాకా ఆగక్కర్లేదు. మీ ఇంటి కారుకే ఈ రాత్రి, రేపు పొద్దున నాలుగు మూలలా టేపు పెట్టండి. స్టీలు స్ప్రింగుల బండి కాబట్టి రెండు కొలతలూ ఒకటే రావాలి. తేడా వస్తే టేపు పట్టడంలోనే పొరపాటు ఉంది, చేయి కుదిరేదాకా మళ్లీ కొలవండి. వచ్చే పాఠంలో బండిని వేడెక్కించి కాజీపేట దాటించి, హైవే మీద గేర్‌బాక్స్ పని పడదాం.