బ్యాటరీ బాగానే ఉంది, బండి మాత్రం కదల్లేదు

తాళం తిప్పితే టిక్ టిక్ అని చప్పుడే తప్ప ఇంజిన్ తిరగలేదు. బ్యాటరీ పోయిందన్నారు చూసినవాళ్లు. మల్టీమీటర్ పెడితే 12.5 వోల్టులు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఫుల్ ఛార్జి అంటేనే దాదాపు 12.6, అందుకే కొత్తది కొనే ముందు టెర్మినల్స్, అంటే బ్యాటరీకి వైర్లు బిగించే కొనలు చూశాను. పాజిటివ్ చుట్టూ తెల్లగా, నీలంగా పొడి పేరుకుపోయి ఉంది, కరెంటుకి అదే అడ్డం.

ముందు నెగటివ్ క్లాంపు, తర్వాతే పాజిటివ్ ఊడదీశాను. ఈ వరస తప్పితే స్పానర్ బండి బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి, సరదా కాదు. గ్లవ్స్ వేసుకుని, వేడినీళ్లలో కలిపిన వంటసోడాతో రుద్దితే నురగ కక్కుతూ వదిలింది. తుడిచి, బాగా ఆరాక పాజిటివ్ ముందు బిగించి, పైన వాజిలిన్ పూశాను.

వెంటనే స్టార్టయింది. ఇంజిన్ నడుస్తుంటే మీటర్ 14.1 చూపించింది, అంటే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ కూడా బాగానే ఉంది, ఆ బెంగ కూడా తీరింది.