ట్యూనింగ్ యాప్‌ని నమ్మండి, కానీ అన్నిటికీ కాదు

"ఏఐ వచ్చాక మన పని ఉంటుందా?" అని హార్మోనియం, పియానో రిపేరు నేర్చుకునే పిల్లలు నన్ను అడుగుతుంటారు. శ్రుతి కొలిచే యంత్రాలు కొత్తేమీ కాదు. స్ట్రోబోకాన్ 1936లోనే వచ్చింది. కొలవడం యంత్రానికి వదిలేయండి. ఎందుకు తప్పిందో కనిపెట్టడం, దాన్ని బాగుచేయడం మన పని. నేనైతే ఇలా పంచుకుంటాను.

ఫోన్ తీసే ముందు హార్మోనియం స్టాపులన్నీ (రీడ్లకు గాలి దారి తెరిచే, మూసే పిడులు) మూసి, తిత్తి నిండా గాలి కొట్టి వదలండి. గబగబా కుంగిపోతుంటే గాలి ఎక్కడో లీకవుతోంది. ముందు అది ఆపాలి. గాలి ఒత్తిడి నిలకడగా లేకపోతే యాప్‌లో ముల్లు ఊగుతూనే ఉంటుంది, మీరు బాగున్న రీడ్‌ని (గాలికి కదిలి మోగే ఇత్తడి రేకుని) కూడా గీకేస్తారు.

తర్వాత సెట్టింగ్. మామూలుగా యాప్ 'ఏ' (A) స్వరానికి 440 హెర్ట్జ్ అనే కొలతతో మొదలవుతుంది. పాత పెట్టె మొత్తం కాస్త పైన పలుకుతుంటే ప్రతి కీ తప్పని చూపిస్తుంది. వేరే వాద్యాలతో కలిపి వాయించేది కాకపోతే, మధ్య సప్తకం సగటున ఎక్కడుందో చూసి యాప్‌నే అక్కడికి జరపండి. రీడ్ల మీద అనవసరంగా చెయ్యి పడదు.

ఇక గీకడం. శ్రుతి పెంచాలంటే రీడ్ కొస దగ్గర, తగ్గించాలంటే దాన్ని బిగించిన రివెట్ దగ్గర. కింద పల్చటి స్టీలు రేకు పెట్టి, ఒకటి రెండు గీతలు గీసి ఆగండి. అప్పుడు కనిపించే అంకెను నమ్మకండి. రాపిడికి వేడెక్కిన రీడ్ కొంచెం తక్కువ పలుకుతుంది, చల్లారాక పైకి వస్తుంది. పెట్టెలో బిగించాక ఇంకాస్త మారొచ్చు. పోయిన ఇత్తడి తిరిగి రాదు కాబట్టి తొందరపడొద్దు.

రెండు వరసల రీడ్లుంటే ఒక స్టాపు మూసి విడివిడిగా కొలవండి. రెండూ కలిసి మోగితే చాలా యాప్‌లు తికమకపడతాయి. చివరికి రెండూ తెరిచి చెవితోనే వినాలి. ఒకటి 440, ఇంకొకటి 441 అయితే సెకనుకోసారి "వావ్... వావ్" అని అల వినిపిస్తుంది.

పియానో సంగతి వేరు. దాదాపు 230 తీగలు, అవి బిరుసుగా ఉండడం వల్ల వాటి ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) లెక్క కంటే కాస్త పైకి పోతాయి. అందుకే కింది స్వరాలను కొంచెం దించి, పై స్వరాలను కొంచెం ఎక్కించాలి. ఈ లెక్క మంచి యాప్ చక్కగా వేస్తుంది, వేయనివ్వండి. కానీ తీగ చుట్టిన పిన్ను కుదురుకుందో లేదో దానికి తెలియదు. తీగ సరిపోయాక కీని నాలుగైదు సార్లు గట్టిగా కొట్టి మళ్లీ చూడండి. జారిపోతుంటే పిన్ను చెక్కలో వదులైందేమో చేత్తో తిప్పి చూడండి. యాప్ "తక్కువైంది" అని మాత్రమే అంటుంది. అక్కడ నూనె వేయమని చాట్‌బాట్ చెప్పినా, మనిషి చెప్పినా వినొద్దు. పిన్నుని పట్టుకునే చెక్క పాడవుతుంది.

చాట్‌బాట్‌ని "ఈ గిటార్ ఎందుకు జుయ్‌మంటోంది?" అని అడిగితే ఏదో ఒక కారణం ధీమాగా చెప్పేస్తుంది. "కారణాలన్నీ చెప్పు, ఒక్కోదాన్ని ఏ పరీక్షతో తేల్చాలో చెప్పు" అని అడగండి. అప్పుడు పనికొస్తుంది.

ఒక్కోసారి హార్మోనియం యాప్‌లో అంతా పచ్చగా ఉన్నా గాయకులు "గాంధారం ఎక్కువగా ఉంది" అంటారు. వాదించకండి, వాళ్లది కరెక్టే. యాప్ సప్తకాన్ని పన్నెండు సమాన భాగాలు చేస్తుంది. ఆ లెక్కన అంతర గాంధారం స్వచ్ఛమైన దానికంటే సుమారు 14 సెంట్లు (ఆ పన్నెండు భాగాల్లో ఒక్కోదానికి 100 సెంట్లు) పైన పడుతుంది. ఎప్పుడూ ఒకే శ్రుతిలో పాడేవాళ్లయితే దించొచ్చు. వేరే శ్రుతిలో వాయిస్తే అదే కీ అపస్వరం పలుకుతుందని గీకకముందే చెప్పండి. ఒప్పుకుంటే, ఏ శ్రుతికి ఏ కీని ఎంత దించారో రాసిన చీటీ పెట్టె లోపల అంటించండి. లేకపోతే తర్వాత విప్పేవాడి యాప్ అది తప్పని చూపిస్తుంది, ఆయన దాన్ని "సరి" చేసేస్తాడు.