అమెరికా కళాశాలలో మహిళల సంగీత ఫ్రెటర్నిటీలో చేరాలనుకునే అమ్మాయిలకు

అమెరికాలో సంగీతం చదువుతున్న అమ్మాయికైనా, వేరే చదువు చదువుతూ సంగీతాన్ని వదులుకోలేకపోతున్న అమ్మాయికైనా, సంగీత విభాగం నోటీసు బోర్డు మీద ఏదో ఒక రోజు మూడు గ్రీకు అక్షరాలున్న కాగితం ఒకటి కనబడుతుంది. అది ఫ్రెటర్నిటీ, అంటే గ్రీకు అక్షరాల పేరుతో నడిచే విద్యార్థి సంఘం, పెట్టిన ప్రకటన. ఫ్రెటర్నిటీ అనగానే అబ్బాయిల వసతి గృహాలూ రాత్రి పార్టీలూ గుర్తుకు రావడం వల్ల చాలామంది దాన్ని చదవకుండానే వెళ్లిపోతారు. మొదటి సెమిస్టరులో నేనూ అలాగే వెళ్లిపోయాను, దానివల్ల ఒక ఏడాది పోగొట్టుకున్నాను. మీకు అలా జరగకూడదనే ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా పేరు సంగతి. ఫ్రెటర్నిటీ అనే మాట మామూలుగా అబ్బాయిల సంఘాలకు వాడినా, మహిళలు స్థాపించుకున్న పాత సంఘాలు కొన్ని తమను ఫ్రెటర్నిటీ అనే పిలుచుకుంటాయి. వాటిలో సిగ్మా ఆల్ఫా అయోటా ఒకటి. 1903 జూన్ 12న మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో, అక్కడి యూనివర్సిటీ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో ఏడుగురు మహిళలు దాన్ని ప్రారంభించారు. అదే ఏడాది నవంబరులో సిన్సినాటిలో మ్యూ ఫై ఎప్సిలాన్, 1909లో అదే నగరంలో డెల్టా ఆమిక్రాన్ మొదలయ్యాయి. ఈ రెండూ మహిళల సంఘాలుగానే పుట్టినా, విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వచ్చిన తరువాత, 1970ల చివరికల్లా పురుషులకు కూడా సభ్యత్వం ఇవ్వసాగాయి. 1946లో టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో బ్యాండు వాయించే అమ్మాయిల కోసం ఏర్పడిన టౌ బీటా సిగ్మా కూడా ఆ కాలంలోనే అదే దారి పట్టింది. కాబట్టి మీ కళాశాలలో ఉన్నది ఏ సంఘమో, అందులో ఎవరెవరికి ప్రవేశం ఉందో తెలుసుకోవడం మీరు చేయవలసిన మొదటి పని. పై కప్పా లామ్డా అనే పేరు కూడా వినబడుతుంది కానీ, అది చదువులో ముందున్నవారిని ఎంపిక చేసుకునే గౌరవ సంఘం, దరఖాస్తు పెట్టుకుని చేరేది కాదు.

ఈ సంఘాలకు సామాన్యంగా ప్రత్యేకమైన ఇల్లు ఉండదు. అవి సంగీత విభాగంలోనే, ఆ భవనంలోని తరగతి గదుల్లోనే సమావేశమవుతాయి. వారు చేసే పని తెలిస్తే సంఘం స్వభావం తెలుస్తుంది. విద్యార్థుల రిసైటల్, అంటే కచేరీ, ఉన్న సాయంత్రం తలుపు దగ్గర నిలబడి కార్యక్రమ పత్రాలు పంచుతారు, కుర్చీలు వేస్తారు, కచేరీ అయ్యాక వచ్చినవారికి ఫలహారాలు ఏర్పాటు చేస్తారు, వృద్ధుల గృహాలకు వెళ్లి పాడతారు, అమెరికన్ స్వరకర్తల రచనలతో తామే మ్యూజికేల్ అనే చిన్న కచేరీ జరుపుతారు. ఇక జాతీయ స్థాయిలో సిగ్మా ఆల్ఫా అయోటాకు చెందిన ధర్మనిధి సంస్థ విద్యార్థినులకు ఉపకార వేతనాలు ఇస్తుంది. కొత్త రచనలు చేయమని స్వరకర్తలను కోరే కార్యక్రమం కూడా ఆ సంఘానికి ఉంది. వేదిక మీద వెలగాలనే కోరిక ఒక్కటే ఉన్నవారికి ఇది తగిన చోటు కాదని నా అభిప్రాయం. వేదిక వెనక జరిగే పని కూడా సంగీతంలో భాగమేనని అనుకునేవారు ఇక్కడ హాయిగా ఇమిడిపోతారు.

అర్హత గురించి మన అమ్మాయిలు అనవసరంగా భయపడతారు. సంగీతమే ప్రధానాంశంగా చదవాలన్న నియమం చాలాచోట్ల లేదు. కళాశాల స్థాయిలో కనీసం ఒక సంగీత కోర్సు తీసుకుని ఉండటం, కాయిర్ అనే బృందగానంలోనో ఆర్కెస్ట్రాలోనో పాల్గొంటూ ఉండటం, నిర్ణీత జీపీఏ, అంటే మార్కుల సగటు, నిలుపుకోవడం వంటివే సామాన్యంగా అడుగుతారు. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుని పాశ్చాత్య స్వరలిపి చదవడం రాని అమ్మాయి వెనకాడనక్కరలేదు. నన్ను ముఖాముఖిలో ఏదైనా పాడమన్నప్పుడు మోహనంలో ఒక వర్ణం పాడాను. తాళం వేస్తున్న నా చేతినే చూస్తూ కూర్చున్న ఒక అమ్మాయి, పాట అయిపోగానే ఆ వేళ్ల లెక్క ఏమిటో నేర్పమని అడిగింది. తెలిసినదాన్ని దాచుకోకుండా చూపించడమే అక్కడ మంచి పరిచయం.

సెమిస్టరు మొదలైన మొదటి రెండు మూడు వారాల్లోనే పరిచయ సమావేశాలు జరుగుతాయి కనుక తరగతులు మొదలైన రోజు నుంచే నోటీసు బోర్డు చూస్తూ ఉండాలి, సంగీత విభాగం కార్యాలయంలో సంఘానికి సలహాదారుగా ఉన్న అధ్యాపకురాలు ఎవరో అడగాలి. అంతకన్నా ముఖ్యమైన సలహా ఒకటుంది. సమావేశానికి వెళ్లకముందే వారు నిర్వహించే కచేరీకి ఒకసారి వెళ్లండి. అందరూ వెళ్లిపోయాక కుర్చీలు మడిచేది ఎవరో, ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారో చూడండి. కరపత్రం చదివితే తెలియని సంగతి ఆ పావుగంటలో తెలుస్తుంది.

తరువాత దరఖాస్తు, ముఖాముఖి ఉంటాయి. "మీకు సంఘం నుంచి ఏం కావాలి" అనే ప్రశ్నకు చాలామంది సమాధానం సిద్ధం చేసుకుని వస్తారు కానీ, "మీ వారంలో ఖాళీగా ఉన్న సాయంత్రాలు ఎన్ని" అనే ప్రశ్న దగ్గర తడబడతారు. మీ టైంటేబుల్ రాసి దగ్గర పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పండి. సభ్యులు ఓటు వేసి నిర్ణయం తీసుకున్నాక బిడ్ అనే ఆహ్వానం వస్తుంది. దాన్ని అంగీకరించే ముందే ఖర్చు అడగాలి. ప్రవేశ రుసుము, జాతీయ సంఘానికి కట్టేది, స్థానిక ఛాప్టరుకు, అంటే మీ కళాశాలలోని శాఖకు, కట్టేది, బ్యాడ్జి ఖరీదు వేర్వేరుగా ఉంటాయి, ఒక్కొక్కటి ఎప్పుడు కట్టాలో కోశాధికారి చేత కాగితం మీద రాయించుకోండి. వాయిదాల్లో కట్టవచ్చా అని అడగడానికి మొహమాటపడకండి. వేరే సంగీత ఫ్రెటర్నిటీలో ఇప్పటికే సభ్యత్వం ఉంటే ఆ మాట అప్పుడే చెప్పాలి, ఎందుకంటే ఒకే తరహా సంఘాలు రెండింటిలో ఉండటానికి సామాన్యంగా ఒప్పుకోరు. సోషల్ సొరోరిటీలో, అంటే సంగీతంతో సంబంధం లేని అమ్మాయిల సంఘంలో, ఉండటం మాత్రం చాలాచోట్ల అడ్డంకి కాదు.

ఆహ్వానం అందుకున్నాక కొన్ని వారాల శిక్షణ ఉంటుంది. సంఘం చరిత్ర, స్థాపకుల పేర్లు, గ్రీకు అక్షరమాల, సంఘం పాటలు, సమావేశంలో తీర్మానం ప్రవేశపెట్టే పద్ధతి నేర్పుతారు. నాకు ఆ వారాల్లో అన్నిటికన్నా ఉపయోగపడినది పియానో వాయించేవారికి పుటలు తిప్పడం. వాయించేవారికి ఎడమ పక్కన, కాస్త వెనగ్గా కూర్చోవాలి. పుట చివరికి రెండు మూడు వరుసల ముందే చప్పుడు లేకుండా లేచి, ఎడమ చేత్తో పుట పైమూల పట్టుకుని, వారు తల ఊపేదాకా ఆగాలి. చేయి వారి కళ్లకూ కాగితానికీ మధ్య అడ్డం రాకూడదు. తిప్పేటప్పుడు రెండు కాగితాలు కలిసి వస్తాయేమో ముందే వేలితో సరిచూసుకోవాలి. మొదటిసారి నా చేయి వణికింది, రెండో కచేరీకల్లా సర్దుకుంది.

శిక్షణ పేరుతో అవమానించడం, నిద్ర లేకుండా చేయడం, బలవంతంగా తాగించడం, సొంత పనులు చేయించుకోవడం వంటివేవీ సంప్రదాయాలు కావు. వాటిని హేజింగ్ అంటారు, అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో అది నేరం. 2024 డిసెంబరులో అధ్యక్షుడి సంతకంతో చట్టమైన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం ప్రకారం కళాశాలలు ఇలాంటి సంఘటనల వివరాలను నివేదికగా బయటపెట్టాలి. మీరు చేరబోయే సంఘం పేరు ఆ నివేదికలో ఉందేమో కళాశాల వెబ్‌సైటులో చూడండి. మీకు ఇష్టం లేని పని చేయమంటే, రహస్యంగా ఉంచమంటే, ఆ రోజే సలహాదారుకు గానీ విద్యార్థి వ్యవహారాల కార్యాలయానికి గానీ తెలపండి. సభ్యత్వ స్వీకార కార్యక్రమం బయటివారికి చూపరు, అది మామూలే. అయితే అది ఎంతసేపు జరుగుతుందో, ఎక్కడ జరుగుతుందో, ఏ దుస్తులు వేసుకోవాలో మీకు ముందే చెప్పాలి.

ఆహ్వానం రాకపోతే ఆ సాయంత్రం బాధ కలగడం సహజం. చాలా ఛాప్టర్లలో తరువాతి సెమిస్టరులో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. సలహాదారును కలిసి ఏది లోపించిందో మర్యాదగా అడగండి. నాకు తెలిసిన ఒక అమ్మాయికి మొదటిసారి జీపీఏ చాలక ఆహ్వానం రాలేదు, అయినా ఆ సెమిస్టరంతా ప్రతి రిసైటల్‌కూ వచ్చి తలుపు దగ్గర కార్యక్రమ పత్రాలు పంచింది. వసంతకాలపు సెమిస్టరులో ఆమె దరఖాస్తు వచ్చేసరికి సభ్యులందరికీ ఆమె పేరు తెలుసు.